మిషను ఒక చోట, కాగితం ఒక చోట

(బుగ్గారంలో పదో తరగతి, ఇంటర్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పిలిచిన తమ్ముళ్లు ఒక్కటే మాట చెప్పిన్రు. "అన్నా, మెకానికల్ ఇంజనీరు కావాలంటే ఏం చదవాలె, చదివినంక ఏం కొలువు దొరుకుతది, అది చెప్పు చాలు" అన్నరు. జర్నలిస్టును పిలిచి ఇంజనీరు ముచ్చట అడుగుడేందని మీకు అనిపించొచ్చు. నేను చదివింది అదే. 2007లో చేరిన, 2011లో పట్టా పట్టుకొని బయటికొచ్చిన. బయటికొచ్చేసరికి సకల జనుల సమ్మె మొదలైంది. సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు. పట్టా తీసి ఇంట్ల సందుగుల పెట్టి నేనూ సమ్మె దిక్కే నడిచిన. అక్కడ కరపత్రాలు రాసుడు, ఆ తర్వాత వార్తలు రాసుడు. ఇప్పటిదాకా అదే బతుకు. కాబట్టి లక్షల జీతం సంపాదించినోడి కథ వినడానికి వచ్చినవాళ్లుంటే ముందే చెప్తున్న, అది నా దగ్గర లేదు. తొవ్వ ఎక్కడ తెగిందో మాత్రం నాకు బాగా ఎరుక.

మా ఇంట్ల ఇద్దరం మెకానికల్ వాళ్లం. ఒకడిని నేను. రెండో ఆయన మా మేనమామ. ఆయన ఐటీఐ ఫిట్టరు. చదువైనంక రెండు మూడేండ్లు జగిత్యాలలో రైసుమిల్లుల చుట్టు తిరిగిండు, ఆ తర్వాత అందరి లెక్కనే సౌదీకి పోయిండు. రిఫైనరీల్లో షట్‌డౌన్ పని అని ఉంటది. నడిచే ప్లాంటును ఆపి, విప్పి, కడిగి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించి అప్పజెప్పాలె. రోజులు లెక్కపెట్టి చేస్తరు, రాత్రీ పగలూ చేస్తరు. మా మామ పని పంపును, దాన్ని తిప్పే మోటారును ఒకే గీతలకు తెచ్చుడు. దాన్ని అలైన్‌మెంట్ అంటరు. రెండు షాఫ్టులూ వెంట్రుకంత తేడా లేకుండ ఒకే వరుసల ఉండాలె, లేకపోతే బేరింగు కాలిపోతది. మిల్లీమీటరులో నూరో వంతు చూపెట్టే డయల్ గేజి పెట్టి కొలుస్తరు. మామకు గేజి చూడకముందే చెయ్యి పెడితే తెలుస్తుండె. ఆ పనంతా అయినంక కింద ఒక కాగితం ఉంటది, ఇన్ని పాయింట్లు ఉన్నది, సరిగ్గ ఉన్నది అని. దాని మీద సంతకం ఇంజనీరుది. ఇరవై మూడేండ్ల పోరడు వచ్చి సంతకం పెట్టి పోతుండె. మామ జీతం ఫిట్టరు జీతమే.

ఫోన్ల నాకు ఎప్పుడూ ఒకటే చెప్తుండె: "అల్లుడా, నువ్వు ఆ సంతకం పెట్టేటోనివి కావాలె."

నేను అయిన. సంతకం పెట్టే హక్కు నాకు వచ్చింది. కాని పంపును అలైన్ చేయడం నాకు రాదు. ఆయనకు చేయడం వచ్చు, సంతకం హక్కు లేదు. మిషను ఒక చోట, కాగితం ఒక చోట. ఒక్క మా ఇంటి సంగతే అయితే నేను ఇక్కడిదాకా వచ్చి చెప్పేటోన్ని కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఏ ఊరికి పోయినా ఇదే. గల్ఫ్ నుంచి వాపస్ వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు ఇంటి ముందర కూర్చుంటరు. బీటెక్ చేసిన పిల్లలు కానిస్టేబుల్ పరీక్షకు గ్రౌండ్ల ఉరుకుతరు.

నా చదువు గురించి ఒక ముచ్చట చెప్త. కాలేజీ పేరెందుకు గని, ప్రైవేటుదే. మొదటి ఏడు ఫీజు మా అమ్మ బీడీల పైసలు, వాటి మీద తెచ్చిన అప్పు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, మా లెక్క ఇండ్లల్ల ఊపిరి పీల్చుకున్నరు. అది చిన్న సంగతి కాదు, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడ. కాని ఆ పైసల కోసమే లేచిన కాలేజీలు కూడ ఉన్నయి. మా వర్క్‌షాపుల లేతు మిషన్లు వరుసగ ఉండె, తనిఖీకి వచ్చినోళ్లకు చూపెట్టేటందుకు. నడిచేది ఒకటి. అరవై మందికి ఒకటి. మేం దూరం నిలబడి చూసేది, సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాసేది. మూడో ఏట వైవాకు బయటి నుంచి పెద్దమనిషి వచ్చిండు. "నాలుగు దవడల చక్కు ఎప్పుడు వాడుతవు?" అని అడిగిండు. నేను టకటక చెప్పిన, గుండ్రంగ లేని పనిముక్కను పట్టడానికి సార్, ఒక్కో దవడ వేరువేరుగ జరుగుతది, మూడు దవడలదైతే మూడూ ఒక్కసారే జరిగి దానంతటదే మధ్యకు తెస్తది అని. ఆయన సంతోషపడి లేతు దగ్గరికి తీసుకపోయి "బిగించి చూపెట్టు" అన్నడు. చక్కు బిగించే తాళంచెవి ఎక్కడ పెట్టాలెనో నాకు తెల్వది. ఆయన నా ముఖం చూసిండు, నా రికార్డు చూసిండు, "దస్తూరి బాగున్నది" అని మార్కులు వేసి పోయిండు.

ఆ మార్కులతోనే నేను ఫస్ట్ క్లాసు.

ఇగ మీరు అడిగిన దాంట్లకు వస్త. పదో తరగతి పిల్లలు బాగ వినుండ్రి. ఇంటర్ ఎంపీసీ చదివి ఎంసెట్ రాసుడు ఒక తొవ్వ. ఎంసెట్‌కు 2024 నుంచి ఈఏపీసెట్ అని పేరు మార్చిన్రు, పరీక్ష అదే. రెండేండ్ల ఇంటర్, నాలుగేండ్ల బీటెక్, మొత్తం ఆరేండ్లు. మనకు దగ్గర్ల 2007లో వచ్చిన జేఎన్టీయూ కాలేజీ కొండగట్టు కాడ నాచుపల్లిల ఉన్నది, మెకానికల్ బ్రాంచి ఉన్నది. 2021లో సిరిసిల్లకూ జేఎన్టీయూ కాలేజీ వచ్చింది. రెండూ సర్కారు కాలేజీలే. ర్యాంకు వస్తే కళ్లు మూసుకొని ప్రైవేటు కంటె ముందు ఇవి పెట్టుకోండ్రి.

ఇంకో తొవ్వ పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌ల చేరుడు. సిరిసిల్లల, కోరుట్లల పాలిటెక్నిక్‌లు ఉన్నయి. మూడేండ్ల డిప్లొమా. అది కాగానే ఈసెట్ రాస్తే నేరుగ బీటెక్ రెండో ఏటిల కూర్చుంటరు. మూడూ మూడూ ఆరు. అర్థమైందా? అదే ఆరేండ్లు. ఇంటర్ తొవ్వల పోయినోడికి మధ్యల ఆగిపోతే చేతిల ఇంటర్ మెమో తప్ప ఏం ఉండదు. డిప్లొమా తొవ్వల పోయినోడికి మూడేండ్లకే ఒక కొలువుకు అర్హత ఉంటది, ఇంటి పరిస్థితి బాగలేకుంటే అక్కడ ఆగి నౌకరీ చేసుకోవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, పదిహేనేండ్ల వయసులనే ఆకురాయి పట్టుకుంటడు. మన ఊర్లల్ల డిప్లొమా అంటే ఎంసెట్‌ల సీటు రానోడు చేసేదని చిన్నచూపు ఉన్నది. కార్పొరేటు కాలేజీల హోర్డింగులు చూసి చూసి అట్లయింది. ఆ హోర్డింగుల మీద ర్యాంకులు ఉంటయి, లేతు ఉండదు.

మూడోది ఐటీఐ. ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు రెండేండ్లు. మా మామ ఆగిపోయింది అక్కడనే. ఆయన కాలంల ఐటీఐ తర్వాత పైకి పోయే మెట్టు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఐటీఐ అయినోళ్లు ఎల్పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏటిల చేరొచ్చు. అంటే ఫిట్టరు నుంచి సంతకం పెట్టే ఇంజనీరు దాకా కాగితం మీద తొవ్వ ఉన్నది. ఈ ముచ్చట వీసా ఏజెంటు మీకు చెప్పడు, నేను చెప్తున్న.

చదివినంక కొలువుల సంగతి. గేట్ పరీక్ష రాస్తే ఎంటెక్‌కూ పనికొస్తది, కొన్ని కేంద్ర సంస్థల ఉద్యోగాలకూ ఆ మార్కులు చూస్తరు. యూపీఎస్సీ పెట్టే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షల మెకానికల్ ఒక బ్రాంచి. మన రాష్ట్రంల జెన్‌కోల ఏఈ, సింగరేణిల ఈ అండ్ ఎం విభాగం, రవాణా శాఖల ఏఎంవీఐ. ఆఖరిది వినుండ్రి, బండ్లకు ఫిట్‌నెస్ ఇచ్చే ఆయన, అది మెకానికల్, ఆటోమొబైల్ చదివినోళ్ల కొలువు. రైల్వేల లోకో పైలట్ అసిస్టెంటుకు ఐటీఐ, డిప్లొమా వాళ్లు రాయొచ్చు. ఇవన్నీ నోటిఫికేషన్ల మీద ఆధారపడ్డయి, నోటిఫికేషన్లు ఎవరి మీద ఆధారపడ్డయో ఉద్యమంల ఉన్నోళ్లకు చెప్పనక్కరలేదు.

ఒక చిన్న కాగితం గురించి కూడ చెప్పాలె, ఎందుకంటే కాలేజీల నాకు ఎవరూ చెప్పలేదు. బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ అని ఒక సర్టిఫికెటు ఉంటది, బీవోఈ అంటరు. పెద్ద బాయిలర్లు నడిచే జాగల ఆ సర్టిఫికెటు ఉన్న ఇంజనీరు ఉండాలని చట్టం. పరీక్షకు కూర్చోవాలంటే బాయిలర్ దగ్గర పని చేసిన అనుభవం చూపెట్టాలె. అనుభవం కావాలంటే బాయిలర్ ఉన్న ఫ్యాక్టరీ ఉండాలె. ఇగో, ఇక్కడికి వచ్చేసరికి నా ప్రసంగం ముత్యంపేట గేటు దగ్గర ఆగుతది.

మల్లాపూర్ మండలం ముత్యంపేటల నిజాం షుగర్స్ ఫ్యాక్టరీని ఇక్కడున్న పెద్దోళ్లు అందరూ చూసినోళ్లే. చెరుకు బండ్ల వరుస యాదికొస్తది, మొలాసిస్ వాసన యాదికొస్తది. మెకానికల్ చదివినోడి కండ్లతోని దాన్ని ఒకసారి చూడుండ్రి. చెరుకు కత్తుల కిందికి పోతది, ముక్కలై పెద్ద పెద్ద రోలర్ల నడుమ నలుగుతది. రసం ఒక దిక్కు పోతది, పిప్పి ఒక దిక్కు పోతది. ఆ పిప్పినే బాయిలర్ల వేసి మండిస్తరు. ఆవిరి పుడతది. ఆ ఆవిరి టర్బైన్ తిప్పుతది, కరెంటు ఇస్తది, టర్బైన్‌ల పని చేసి వచ్చిన ఆవిరే మళ్లీ రసాన్ని మరిగిస్తది. చెరుకే సరుకు, చెరుకే కట్టె. నేను నాలుగేండ్లు పుస్తకంల చదివిన థర్మోడైనమిక్సు, హీట్ ట్రాన్స్‌ఫరు, గేర్లు, పంపులు, అన్నీ ఒక్క ప్రహరీ గోడ లోపల. ఇంకో సంగతి. సీజన్ల కొన్ని నెలలు ఆపకుండ నడుస్తది, సీజన్ అయినంక మొత్తం విప్పుతరు. రోలర్ల పండ్లు అరిగితే మళ్లీ పెడతరు, బేరింగులు మారుస్తరు, బాయిలర్ గొట్టాలు పరీక్ష చేస్తరు. నేర్చుకునేటోడికి ఆ ఆఫ్ సీజన్ ఒక కాలేజీ. ఏడాదికి కొన్ని నెలలు మిషను కడుపు తెరిచి చూపెట్టే కాలేజీ.

2002లో చంద్రబాబు ప్రభుత్వం బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి ఫ్యాక్టరీలల్ల 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చింది. అది ఉమ్మడి రాష్ట్రంల పాపం, సరే. 2014 ఎన్నికల ముందర తెలంగాణ వస్తే మళ్లీ సర్కారు చేతుల్లోకి తీసుకుంటమని మనోళ్లే మాట ఇచ్చిన్రు. 2015 డిసెంబరుల మూడు ఫ్యాక్టరీలకూ లేఆఫ్ పడ్డది. అది మన రాష్ట్రంల, మన ప్రభుత్వంల. 2024లో కొత్త సర్కారు మంత్రితోని ఒక కమిటీ వేసింది. రైతులు చేసిన పాదయాత్రలు, ధర్నాలు ఈ చుట్టుపక్కల ఊర్లకు తెలుసు. రైతు దిక్కునుంచి ఈ ముచ్చట చాలమంది మాట్లాడిన్రు. నేను విద్యార్థి దిక్కునుంచి మాట్లాడుతున్న. ఆ గేటు మూసుకున్ననాడు నాచుపల్లి కాలేజీ పిల్లగాడికి దగ్గర్ల ఉన్న బాయిలర్ పోయింది, మిల్ హౌస్ పోయింది. దాని లెక్క ఏ ఫైలుల ఉండదు.

ఇది ఇప్పుడు మొదలైన కథ కాదు. 1969 ఉద్యమం ఎక్కడ రాజుకున్నదో చూడుండ్రి. పాల్వంచల, కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంల స్థానికులకు కొలువులు ఇస్తలేరని. అంటే టర్బైన్లు, బాయిలర్లు ఉన్న జాగల మన పిల్లగాండ్లకు చోటు లేదని. ఆ జనవరిల ఖమ్మంల రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూర్చున్నడు. మన ఉద్యమానికి పుట్టుకనే ఒక మెకానికల్ ముచ్చట అంటే నవ్వుతరేమో గని, నాకు అట్లనే కనపడుతది. తర్వాత కాజీపేటకు వస్తదన్న కోచ్ ఫ్యాక్టరీ 1985లో పంజాబ్‌ల కపుర్తలాకు పోయింది. కాజీపేటకు వ్యాగన్ల యూనిటుకు 2023లో శంకుస్థాపన అయింది. నడుమ ముప్పై ఎనిమిదేండ్లు. ఒక తరం మొత్తం చదువుకొని, ముసలిదయ్యేటంత కాలం. 1942లో నిజాం జమానల పెట్టిన ఆల్విన్ బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. తొంభైలల్ల దాన్ని ముక్కలు చేసి అమ్మిన్రు. రామగుండంల బొగ్గుతోని యూరియా చేసే ఎఫ్‌సీఐ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడ్డది. అదే జాగల గ్యాసుతోని నడిచే ఆర్ఎఫ్‌సీఎల్ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇరవై రెండేండ్లు ఆ గొట్టాల మీద తుప్పు.

రామగుండం ఎన్టీపీసీ ఒక్కటి 1983 నుంచి ఆగకుండ నడుస్తున్నది. సమ్మె నాడు సింగరేణిల బొగ్గు ఆగితే అక్కడ ఉత్పత్తి తగ్గి దేశమంతా మన దిక్కు చూసింది, మీరు చిన్నపిల్లలు, మీ బాపులను అడుగుండ్రి. విభజన చట్టంల చెప్పిన 4000 మెగావాట్లల్ల మొదటి విడత 800 మెగావాట్ల యూనిట్లు రెండు అక్కడనే వచ్చినయి. కాని ఎన్టీపీసీ కేంద్రానిది. రాష్ట్రపతి ఉత్తర్వులు, లోకల్ కోటా దానికి వర్తించవు. భూమి మనది, బొగ్గు మనది, బూడిద మనది, కొలువు మాత్రం దేశమంతటిది.

లోకల్ అనే మాట వచ్చింది కాబట్టి ఒక కొత్త తకరారు చెప్త, ఉద్యోగులు కూడ వినాలె. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్ల మన కరీంనగర్ జిల్లా మొత్తం ఐదో జోనుల ఉండె. 610 జీవో కోసం, ఆ జోను కోసం మనం గొంతు చించుకున్నం. 2018 కొత్త ఉత్తర్వులు వచ్చినయి, లోకల్ వాటా 95 శాతం అయింది, మంచిదే, అది మన గెలుపే. కాని జగిత్యాల బాసర జోనుల పడ్డది. సిరిసిల్ల రాజన్న జోనుల పడ్డది. రామగుండం ఉన్న పెద్దపల్లి కాళేశ్వరం జోనుల పడ్డది. నిన్నటిదాకా ఒక్క జిల్లా పిల్లలు, నేడు జోనల్ పోస్టుల్ల ఒకరికొకరు నాన్ లోకల్. మల్టీ జోను పోస్టులకైతే ముగ్గురూ ఒక్కటే. మీరు ఏ పోస్టుకు దరఖాస్తు పెడుతున్నరో అది జిల్లా పోస్టా, జోనలా, మల్టీ జోనలా అన్నది ముందే చూసుకోండ్రి. ఫ్యాక్టరీలు ఒక జోనుల, చదివిన పిల్లలు ఇంకో జోనుల ఉంటే ఏమైతదో ఉద్యోగ సంఘాలు లెక్క తీయాలె.

ఇంతసేపు పోయినయి, మూసినయి అనే చెప్పిన. ఉన్నయి కూడ చెప్పాలె, లేకుంటే మీరు ఇంటికి పోయి మెకానికల్ వద్దు అంటరు. సిరిసిల్లకు పోండ్రి. ఊరంతా మరమగ్గాల చప్పుడు. ఆ మగ్గాలల్ల చాలమట్టుకు భివండి దిక్కునుంచి పాతయి కొనుక్కొచ్చినయి. అక్కడ పనికిరావని తీసేసిన మగ్గం ఇక్కడ ఏండ్లకేండ్లు నడుస్తది. ఎవరు నడిపిస్తున్నరు? జాబర్లు. మగ్గం చప్పుడు విని ఏ పన్ను విరిగింది, ఏ బోల్టు వదులైంది చెప్తరు. దొరకని పార్టును లేతు షాపుల చేయిస్తరు. వాళ్లల్ల డిప్లొమా ఉన్నోడు నాకు ఇప్పటిదాకా కలవలేదు. ఒక్క జాబరు దగ్గర నెల రోజులు కూర్చున్న బీటెక్ పిల్లగాడు కూడ నాకు కలవలేదు. ఆసాములు కొత్త మగ్గాలు కొనలేక, పాతయి మార్చుకోలేక మునిగిపోతున్నరు. ఆ నడుమ ఒక ఇంజనీరు చేయాల్సిన పని ఎంత ఉన్నదో చూడుండ్రి. 2000ల కాలంల ఆ ఊర్ల ఆత్మహత్యల వార్తలు రాయని పత్రిక లేదు. మగ్గం సంగతి రాసిన పత్రిక తక్కువ, మాదీ దాంట్లనే ఉన్నది.

చింతకింది మల్లేశం పేరు మీరు విన్నరు, సినిమా కూడ వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయనది. వాళ్లమ్మ ఒక్కో చీరకు ఆసు పోయాలంటే తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూఇటూ తిప్పాలె, భుజం పడిపోతుండె. ఆయన బడి మధ్యలనే మానేసిండు. 1992 నుంచి కొట్లాడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసిండు. 2017లో పద్మశ్రీ ఇచ్చిన్రు. సన్మానం చేసినప్పుడల్లా "చదువు లేకున్నా సాధించిండు" అని మెచ్చుకుంటరు. నాకు ఆ మెచ్చుకోలు వినబుద్ధి కాదు. ఆ ఏడేండ్లల్ల ఆయన పక్కన డ్రాయింగు వచ్చిన ఒక్క ఇంజనీరు ఉంటే ఏడేండ్లు పట్టకపోవునేమో. ఆ ఏడేండ్లు వాళ్లమ్మ భుజం మీద పడ్డయి.

లక్ష్మీపూర్ పంపుహౌసు సంగతి కూడ ఒక్క ముక్కల చెప్త. రామడుగు మండలం, మనకు దూరమేం కాదు. భూమి లోపల ఒక్కోటి 139 మెగావాట్ల పంపులు ఏడు. మిషన్లు బీహెచ్ఈఎల్‌వి. 2019లో నడిపిన్రు. కాళేశ్వరం మంచిచెడ్డల మీద, 2023 అక్టోబరుల కుంగిన మేడిగడ్డ మీద కొట్లాట జరగాలె, తప్పు చేసినోడు జవాబు చెప్పాలె. కాని ఆ పంపులు మెకానికల్ పిల్లగాడికి తెరిచిపెట్టిన పుస్తకం. మన పైసలతోని కట్టిన దాని దగ్గరికి మన కాలేజీ పిల్లలను వరుసగ తీసుకపోయి చూపెడితే ఏం పోతది?

అందుకే నా దృష్టిల మనం అడగాల్సింది సీట్లు కాదు, సీట్లు మస్తున్నయి. మెకానికల్ సీట్లు ఖాళీగ మిగిలి, సెక్షన్లు మూసి కంప్యూటర్ సెక్షన్లు పెడుతున్నరు. అడగాల్సింది అప్రెంటిస్‌షిప్. 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉన్నది. డిగ్రీ, డిప్లొమా అయినోళ్లకు ఏడాది పాటు ఫ్యాక్టరీల స్టయిపెండు ఇచ్చి నేర్పాలె, దాంట్ల కొంత కేంద్రం ఇస్తది. ఎన్టీపీసీ, ఆర్ఎఫ్‌సీఎల్, సింగరేణి, జెన్‌కో, ఆర్టీసీ డిపోలు, ఎవరు ఎంతమందిని తీసుకుంటున్నరు, దాంట్ల జగిత్యాల, సిరిసిల్ల పిల్లలు ఎందరు? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు. విద్యార్థి సంఘాల తమ్ముళ్లు బందుకు పిలుపు ఇచ్చే ముందర ఈ దరఖాస్తు పెట్టుండ్రి. ముత్యంపేట మళ్లీ నడవాలని రైతుల పక్కన మనం కూడ కూర్చోవాలె. గల్ఫ్ నుంచి వచ్చిన ఫిట్టర్ల చేతి పనిని పరీక్ష పెట్టి సర్టిఫికెటు ఇచ్చే పద్ధతి కేంద్రం పథకాలల్ల కాగితం మీద ఉన్నది, దాన్ని మండలం దాకా తేవాలె. ఆ మనుషులనే పాలిటెక్నిక్ వర్క్‌షాపుల్ల నేర్పేటోళ్లుగ పెట్టుకుంటే మా లెక్క తాళంచెవి తెల్వని ఫస్ట్ క్లాసులు తగ్గుతరు.

ఒక బాపు ఇందాక లోపలికి వస్తుంటే నన్ను అడిగిండు. "సాఫ్ట్‌వేర్‌ల చేర్పిస్తే మంచిదా, ఇదా?" అని. నేను ఉన్నదున్నట్టు చెప్త. మొదటి రెండేండ్ల జీతం చూస్తే అదే ఎక్కువ. మెకానికల్ మొదటి జీతం చూస్తే కండ్లల్ల నీళ్లొస్తయి, బాలానగర్, జీడిమెట్ల దిక్కు షెడ్లల్ల పన్నెండు గంటలు నిలబడాలె. చెయ్యి తిరిగినంక పరిస్థితి వేరు. కాని పిల్లగాడు ఇంట్ల మిక్సీ ఖరాబైతే విప్పుతడా, భయపడి దూరం జరుగుతడా చూడు. విప్పేటోడైతే పాలిటెక్నిక్‌ల వెయ్యి. విప్పేది ఆడపిల్ల అయినా అంతే. చెల్లెళ్లు మెకానికల్ చదవొద్దని ఏ చట్టంల రాసి లేదు, బీడీలు చుట్టే చేతులకు మించిన చురుకు చేతులు ఏ వర్క్‌షాపుల నేను చూడలేదు.

మా మామ ఇప్పుడు సౌదీ నుంచి వచ్చేసిండు. మోకాళ్ల నొప్పులు. ఊర్ల ఎవరి బోరు మోటారు మొత్తుకున్నా ఆయననే పిలుస్తరు. పోయిన నెల నేను ఇంటికి పోతే పాత డయల్ గేజి తీసి నా చేతిల పెట్టి ఎట్ల పట్టుకోవాలెనో చూపెట్టిండు. ముప్పై దాటినంక నేర్చుకుంటున్న. ఇంకా సరిగ్గ రాలేదు.

వచ్చే ఆదివారం సిరిసిల్లల ఒక జాబరు మనకోసం తన షెడ్డుల ఒక మగ్గం విప్పి పెడతనన్నడు. ఒక్కో పార్టు తీసి చూపెడతడు, అడిగినదానికి జవాబు చెప్తడు. మామ కూడ వస్తడు. వచ్చేటోళ్లు పేర్లు ఇప్పుడే రాయించుండ్రి, పదిహేను మందికే జాగ ఉన్నది. పొద్దున మొదటి బస్సుకు పోదాం. పాత బట్టలు వేసుకోండ్రి, గ్రీజు అంటుతది. టిఫిన్ డబ్బ ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలె.